గోవిందుకి బదులు పలికినవాళ్ళు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. వాటి గురించి చెప్పేవాళ్ళ మీద ఓపిక అంతకన్నా లేదు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి గోడౌన్ మీద మేడగదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను. కింద జీడిపిక్కలు కాలుస్తుంటే పైన మాకు కళ్ళు మండుతుంటాయి. నా పద్ధతి వేరు. రోజుకి ఒక్క క్రియే చెప్తాను. దాని అర్థమేమిటి, అది ఎక్కడ పుట్టింది, ఇప్పుడు జనం దాన్ని ఎలా వాడుతున్నారు, అంతే. నెల్లాళ్ళలో ఇంగ్లీషు అని బోర్డు పెట్టుకున్న పక్కవీధి వాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మాట పుట్టిల్లు తెలిస్తే దాని బుద్ధి తెలుస్తుందని నా మొండితనం.

ఆ క్లాసులో కామేశ్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. కవిటి దాటాక సముద్రం ఒడ్డున గవ్వలపేట వాళ్ళది. వేటకెళ్ళే కుటుంబం. అన్న గోవిందు తెప్ప మీద కష్టపడి తమ్ముణ్ణి టెక్కలిలో డిగ్రీ చదివించాడు. కామేశ్ పలాసలో గది తీసుకుని ఉద్యోగాలకి తయారవుతూ, సెలవులకి ఊరెళ్ళి అన్నతో పాటు తెప్ప ఎక్కేవాడు. చలాకీ మనిషి. క్లాసులో ఎవరు ఎలా మాట్లాడతారో అచ్చం అలాగే చేసి చూపించేవాడు. నన్ను కూడా చేసేవాడని తెలుసు. కోపం వచ్చింది కానీ, బాగా చేశాడని విని ఊరుకున్నాను.

దసరా సెలవుల తర్వాత కామేశ్ మారిపోయాడు. వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు నేను బోర్డు మీద రాస్తుండగా వెనకనుంచి ఎవరో గట్టిగా "ఓయ్" అన్నారు. దూరంగా ఉన్నవాళ్ళు పిలిస్తే పలికే పలుకు అది. తిరిగి చూస్తే కామేశ్ రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు.

"ఎవరయ్యా నిన్ను పిలిచింది?" అన్నాను.

"ఎవులూ పిలవనేదు మేడమ్. సారీ మేడమ్."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కామేశ్ గొంతు నాకు తెలుసు, సన్నగా ఉంటుంది. వినబడిన గొంతు బొంగురుది, ఉప్పుగాలికి అరిచి అరిచి మోటుబారిన మనిషిది. అనుకరణ విద్య చూపిస్తున్నాడనుకుని నాలుగు చీవాట్లు పెట్టాను. మర్నాడు మళ్ళీ పలికాడు. ఆ తర్వాత ఒక పూటలో రెండుసార్లు పలికాడు. రెండోసారి పక్కనున్న ఆడపిల్ల ఉలిక్కిపడి బెంచీ మారింది. పలికిన ప్రతిసారీ కామేశ్ మొహం చూస్తే, వాంతి ఆపుకోలేకపోయిన మనిషి మొహంలా ఉండేది.

ఆ వారంలోనే 'ఆన్సర్' పాఠం వచ్చింది. నాకు చాలా ఇష్టమైన క్రియ అది. రోజూ వాడతాం, ఫోన్ ఆన్సర్ చేస్తాం, పరీక్షలో ఆన్సర్ చేస్తాం, పిలిస్తే ఆన్సర్ చేస్తాం. కానీ దాని పుట్టుక బడిలో జరగలేదు, తగువులో జరిగింది. వెనకటి ఇంగ్లీషువాళ్ళలో ఒకడి మీద నేరం మోపితే, వాడు పదిమందిలో లేచి దానికి ఎదురుగా ఒట్టు వేసి నిలబడాలి. ఆ మాటలో ముందు సగానికి 'ఎదురు' అని అర్థం, వెనక సగం ఒట్టుపెట్టడమే. అంటే ఆన్సర్ చేయడం సమాచారం చెప్పడం కాదు, ఒట్టు వేయడం. అందుకే ఇవాళ్టికీ ఒక మనిషికోసం ఆన్సర్ చేస్తానంటే, వాడు చేసే ప్రతిదానికీ పూచీ నాది అని అర్థం వస్తుంది. ఇదంతా ఉషారుగా చెప్తూ చేతులు తిప్పుతున్నాను.

కామేశ్ లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఒకల బదులు ఇంకొకలు ఆన్సర్ సేత్తే ఏటవుద్ది?"

"దొంగ ప్రమాణం అవుతుంది," అన్నాను.

అతను అలాగే కూలబడ్డాడు. క్లాసు అయ్యాక అందరూ దిగిపోయినా కదల్లేదు. నేను తాళం తీసుకుని నిలబడితే, అప్పుడు చెప్పాడు.

గవ్వలపేటలో ఒక పద్ధతి ఉంది. ఆ ఊళ్ళో ఏ ఆడదీ మొగుడి పేరు ఎత్తదు. కానీ వేటకెళ్ళిన తెప్ప తిరిగొచ్చి, అలలు విరిగే చోటికి ఇవతల ఆగగానే, పెళ్ళాం ఒడ్డున నిలబడి మొగుణ్ణి పేరుపెట్టి గొంతెత్తి పిలుస్తుంది. పెళ్ళి కానివాణ్ణి తల్లి పిలుస్తుంది. మనిషి తన నోటితో తాను పలికాకే ఇసక మీద కాలు పెట్టాలి. నిద్రపోతుంటే లేపి పలికిస్తారు. గొంతు పోయినవాడైతే తెప్పని అరచేత్తో కొడతాడు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే పెద్దలు కసురుతారు.

దసరా సెలవుల్లో ఒకరోజు అన్నదమ్ములిద్దరూ వేటకెళ్ళారు. అడుగున ఎక్కడో వల చిక్కుకుంది. గోవిందు విప్పడానికి మునిగాడు. చాలాసేపు పైకి రాలేదు. కామేశ్ దూకబోతుండగా తెప్పకి అటువైపు నీళ్ళలోంచి చెయ్యి లేచి అంచు పట్టుకుంది. గోవిందు ఎక్కి, మాట్లాడకుండా సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. అలిసిపోయాడనుకున్నాడు కామేశ్. ఒడ్డు దగ్గర వదిన గౌతమి పిలిచింది. గోవిందు పలకలేదు. అలలు తెప్పని ఎత్తి పడేస్తున్నాయి, కామేశ్‌కి ఆకలితో కడుపు కాలుతోంది. వదిన మళ్ళీ పిలిచింది. టెక్కలి కాలేజీలో మూడేళ్ళు స్నేహితులందరికీ వాళ్ళ గొంతుల్లోనే హాజరు పలికినవాడు అతను. ఆ అలవాటు కొద్దీ, అన్న గొంతు పెట్టి "ఓయ్" అనేశాడు.

"అన్న అప్పుడు నా కాసి తిరిగి సూసినాడు మేడమ్. సూసి ఒడ్డుకి దిగిపోనాడు. ఆ పొద్దునుంచీ ఎవులు అన్న పేరెట్టి పిలిసినా ఆడు పలకడు. నాను పలుకుతాను. ఇక్కడున్నా పలుకుతాను."

"బుర్ర పాడైందా నీకు," అన్నాను. నిజంగా అలాగే అన్నాను. వాళ్ళ వదినకి ఫోన్ చెయ్యమన్నాను. స్పీకర్ పెట్టాడు. ఇవాళ్టి పొద్దున మీ ఆయన్ని పేరుపెట్టి పిలిచావామ్మా అని గౌతమిని అడిగాను.

"పిలిసేనండి. ఇదిగో అంటే పలకట్లేదని, భయమేసి పేరెట్టేసి పిలిసేను. అత్త బోరింగు కాడికి ఎల్లినప్పుడు రెండు మాట్లు. మీకెలగ తెలుసు?"

ఆ పొద్దున క్లాసులోనూ కామేశ్ సరిగ్గా రెండుసార్లే పలికాడు.

ఆదివారం కామేశ్‌తో కవిటి బస్సెక్కాను. అతన్ని డాక్టరుకి చూపించమని ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కవిటిలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. కొబ్బరితోటల్లో మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు తక్కువే. దారిపొడుగునా నీళ్ళ డబ్బాలు మోసుకెళ్తున్న సైకిళ్ళు. నీళ్ళవల్లే కిడ్నీలు పోతున్నాయని చెప్పుకునే ఈ ఉద్దానంలో ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు నీళ్ళ సంగతే వస్తుంది, ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎవరికి కిడ్నీ పరీక్ష చేశారు, ఎంత వచ్చింది అని.

గౌతమి గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, మొదట చెప్పిందీ నీళ్ళ మాటే.

"మా ఇంటాయన మంచినీళ్ళు తాగట్లేదండి. చుక్క కూడా ముట్టడు. కూడు తింతాడు, నీళ్ళు మటుకు పక్కకి తోసేత్తాడు."

గోవిందు చావడిలో వల ముందు కూర్చుని ఉన్నాడు. బలమైన మనిషి, అందమైన మొహం. నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. ఎదురుగా కూర్చున్నాను. ఉక్క చంపేస్తోంది, నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. అతనికి ఎక్కడా చెమట లేదు. భుజం మీద తువ్వాలు మాత్రం తడిగా ఉంది. దండెం మీద అతని లుంగీలు మూడు వేలాడుతున్నాయి, వాటి కిందంతా తడి మరక. దసరా నుంచీ అవి ఆరలేదని గౌతమి చెప్పింది. నేను చూస్తున్నంతసేపూ అతను రెప్ప వెయ్యలేదు. వేశాడేమో, నేను వేసినప్పుడే వేశాడేమో, తెలియదు. అంత పిచ్చి ఆలోచన నాకు వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ కోపంలోనే, "గోవిందూ," అని పిలిచాను.

నవ్వుతూనే ఉన్నాడు. పెదవి కదల్లేదు. నా వెనక గుమ్మం దగ్గర ఆ బొంగురు గొంతు "ఓయ్" అంది. కామేశ్ గోడకి మొహం ఆనించి ఏడుస్తున్నాడు.

దాచడమెందుకు, భయపడ్డాను. బయటికి లేచి వచ్చేశాను. కామేశ్‌కి డాక్టరు అక్కర్లేదని అప్పుడే తెలిసిపోయింది.

పెరట్లో కొబ్బరిమట్టల మీద కూర్చుని గౌతమికి ఆన్సర్ మాట పుట్టుక చెప్పాను. ఎందుకు చెప్పానంటే నా దగ్గర ఉన్నది అదొక్కటే. ఆ అమ్మాయి పదో తరగతి దాకా చదివింది, కానీ నా క్లాసులో ఎవరూ పట్టుకోనంత తొందరగా పట్టుకుంది.

"అంటే ఒడ్డున మేం పిలిసేది రమ్మని కాదన్నమాట. నువ్వు నువ్వేనా అని అడగడమన్నమాట. నానే అని ఆడు ఒట్టెయ్యాలన్నమాట."

"అలాగే అనిపిస్తోందమ్మా."

"మరిది ఒట్టేసీసినాడు. ఎవులో తెలీకుండా ఒట్టేసి దింపీసినాడు. నాను ఎవుల పక్కన పడుకుంతన్నాను మేడమ్?"

ఆ అమ్మాయికి కావలసింది ఒక్కటే, ఇంట్లో ఉన్నది తన మొగుడా కాదా అని. అయితే కాపురం చేసుకుంటుంది, కాకపోతే తన మొగుడు ఎక్కడున్నాడో వెతుక్కుంటుంది. రెండూ కాకుండా ఇంకొక పూట ఉండలేనంది. తెప్పని మళ్ళీ నీళ్ళమీదికి తీసుకెళ్ళి మళ్ళీ పిలుస్తానంది.

అత్తగారు నారాయణమ్మ ఒప్పుకోలేదు. వడిలిపోయిన చిన్న మనిషి, నడుం వంగింది కానీ మాట వంగలేదు.

"ఇంటికొచ్చినోడ్ని మళ్ళీ నీటిమీద కూకోబెట్టి పిలుత్తావేటే? ఎక్కడైనా ఉన్నాదా ఇది?"

"తను తనే అయితే పలుకుతాడు గదత్తా. పలికితే నీ కాళ్ళు కడిగి నెత్తినేసుకుంతాను."

"పలక్కపోతే?"

గౌతమి ఒడ్డు దారి పట్టింది. ముసలావిడ నావైపు చూసింది, ఇదంతా నువ్వు తెచ్చిందే అన్నట్టు. కొంతవరకు నిజమే.

ఎండ ఇంకా వాలలేదు. ఒడ్డున వేరే ఎవరూ లేరు, వలలు ఆరేసి అందరూ అన్నాలకి పోయారు. పక్కింటి సోములు మావ ఇంజను పట్టుకున్నాడు. కామేశ్ ముందు ఎక్కి కూర్చున్నాడు. గోవిందుని రమ్మంటే చక్కగా వచ్చాడు. పెళ్ళికి బయలుదేరినవాడిలా కులాసాగా నడిచి, తెప్ప మధ్యలో సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. కామేశ్ తువ్వాలుతో నోరు బిగించి కట్టుకున్నాడు, పైనుంచి రెండు చేతులూ అదుముకున్నాడు. తెప్ప అలలు దాటి, వెనక్కి తిరిగి, అవి విరిగే చోటికి ఇవతల ఆగింది. సోములు మావ ఇంజను ఆపేశాడు.

గౌతమి చీర కుచ్చిళ్ళు ఎగదోపి తడి ఇసకలో నిలబడింది.

"గోవిందో..." అని పిలిచింది.

ఆ పిలుపులో సిగ్గులేదు, బతిమాలడం లేదు. ఊరంతా వినేలా పిలిచింది. తెప్ప మీద కామేశ్ ముందుకి ముడుచుకుపోయాడు. ఆ పలుకు అతని గొంతులోకి వచ్చి కొట్టుకోవడం ఒడ్డునుంచే నాకు కనిపించింది. వీపు ఎగిరెగిరి పడుతోంది. కానీ బయటికి రానివ్వలేదు. మధ్యలో కూర్చున్నవాడు కదల్లేదు.

మళ్ళీ పిలిచింది.

అప్పుడు పలుకు వినబడింది. తెప్ప మీంచి కాదు. తెప్పకి అవతల, చాలా అవతల, ఉత్త నీళ్ళు తప్ప ఏమీ లేనిచోటునుంచి, సన్నగా, అరిచి అలిసిపోయినట్టు వచ్చింది.

"ఓయ్..."

సోములు మావ వెనక్కి తిరిగి చూశాడు. కామేశ్ తలెత్తి చూశాడు. మధ్యలో ఉన్నవాడు మాత్రం సముద్రం వైపునుంచి మెల్లగా తిరిగి, మా వైపు చూశాడు. అదే చిరునవ్వు.

"మాయన గొంతు," అంది గౌతమి. "మేడమ్, అది మాయన గొంతు. బతికే ఉన్నాడు." నీళ్ళలోకి పరుగెత్తింది. మోకాళ్ళ లోతులో నిలబడి మళ్ళీ పిలిచింది, మళ్ళీ పలికాడు. "సోములు మావా, అటు పోనీ తెప్పని. ఈడ్ని నీటిలోకి తోసీసి అటు పోనీ."

సోములు మావ ఇంజను తాడు పట్టుకున్నాడు.

"పోవద్దురా," అంది నారాయణమ్మ. ఆవిడ ఎప్పుడు నీళ్ళలోకి దిగిందో నేను చూడలేదు. కోడలి భుజం పట్టుకుంది. "ఎంత పోయినా అంత దూరంలోనే ఉంటాడే పిల్లా."

"వదులత్తా."

"నీ మొగుడి నాన్న అలాగే పలికేడు నాకు. తెప్ప తిరిగొచ్చింది, మనిషి రాలేదు. నాను పిలిసేను. పలికేడు. ఎనిమిది మంది తెప్పలేసుకుని ఆ పలుకెనకాల పోయేరు. అందులో ఇద్దరు తిరిగి రాలేదు. అయినా నా బుద్ధి ఊరుకోలేదు. పూటపూటా వొచ్చి పిలిసేదాన్ని. పిలిసినన్నాళ్ళూ పలికేడే. వొత్తన్నానని సెప్పలేదు, రానని సెప్పలేదు. పలికేడంతే. సంటిగుంటడు ఈ కామేశుగాడు ఇసకలో ఏడుత్తంటే ఇనబడేది కాదు నాకు. ఆ పలుకే ఇనబడేది. నా వొయసంతా ఈ ఒడ్డు తినీసింది."

గౌతమి ఆవిడ మాట వినడం లేదు. సముద్రం వైపు చెయ్యి చాచి ఇంకోసారి పిలిచింది. "గోవిందో..."

దూరంగా ఆ గొంతు అందుకోబోయింది. సగం వినబడింది కూడా.

నారాయణమ్మ తల పైకెత్తి, తెప్ప మధ్యలో నవ్వుతూ కూర్చున్నవాణ్ణి సూటిగా చూస్తూ, "ఓయ్," అని పలికింది.

తెలిసి పలికింది. వాడు ఎవడు కాడో తెలిసి, ఏమవుతుందో తెలిసి, వాడే గోవిందని ఒట్టు వేసింది. దూరపు గొంతు సగంలో తెగిపోయింది. అలల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. మధ్యలో ఉన్నవాడు లేచి, తెప్ప దిగి, నడుంలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి ఇసక మీద కాలు పెట్టాడు.

కామేశ్ తువ్వాలు ఊడదీసుకున్నాడు. గొంతు తడుముకుంటున్నాడు, లోపల బరువేదో దిగిపోయినట్టు. గౌతమి అత్తగారి మీద పడింది. రెండు చేతులతో కొట్టింది. ముసలావిడ తప్పుకోలేదు, పడ్డన్ని దెబ్బలూ పడింది.

"నీ కొడుకేనే ఆడు, అక్కడున్నోడు. నీ కడుపునే పుట్టినాడు."

"నాకు తెలీదా," అంది నారాయణమ్మ. "ఇంక పలకడు. నువ్వు నా లాగ ఒడ్డున కూకోనక్కర్లేదు."

తర్వాత ఆవిడ వచ్చినవాడి దగ్గరికి వెళ్ళి, చీర కొంగుతో వాడి తల తుడిచింది. ఎంత తుడిచినా తడి అలాగే ఉంది. వాడి చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించుకెళ్ళింది. వాడు బుద్ధిగా నడిచాడు. ఆ ముసలావిడని తిట్టాలని నా నోటిదాకా వచ్చింది. నేను నోరున్న మనిషిని, ఎవర్నీ వదిలిపెట్టను. దొంగ ప్రమాణానికి శిక్ష ఏమిటో కూడా క్లాసులో చెప్పగలను. కానీ ఆవిణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు. ఇవాళ్టికీ తెలియదు.

గౌతమి నీళ్ళలోనే ఉండిపోయింది. కాసేపటికి మళ్ళీ పిలిచింది. సముద్రం వైపే పిలిచింది. పలుకు మా వెనకనుంచి, కొబ్బరితోట దారిలోనుంచి వచ్చింది. నారాయణమ్మ నోటినుంచి ఆ బొంగురు మగగొంతు. పిలిచినప్పుడల్లా తోటలోనుంచే వచ్చింది, అడుగడుగుకీ కొంచెం దూరమవుతూ. అక్కడికి గౌతమి ఊరుకుంది.

నేను వెళ్ళి చెయ్యందించాను. కుచ్చిళ్ళు పిండుకుని, మొహం తుడుచుకుని, ఇంటి దారి పట్టింది.

"మా ఊరు రా అమ్మా, కొన్నాళ్ళు మా పుట్టింట్లో ఉండు," అన్నాను. "నందిగాంలో మా అమ్మావాళ్ళున్నారు, ఎవరూ నిన్నేమీ అడగరు."

"లేదు మేడమ్," అంది. "ఏళ దాటిపోయింది. ఆయనకి ఆకలేత్తంటాది. అన్నం ఎట్టాల."

ఆయన అంటే ఎవరో నేను అడగలేదు.